నలభై ఒక్క కుంటల కదిరమ్మ

మా ఊరి పేరు చెప్పను. చెబితే వచ్చే జూన్‌లో మీరూ వచ్చి దిగుతారు. వజ్రకరూరుకు దగ్గర్లోనే అని మాత్రం ఒప్పుకుంటాను. తొలకరి జల్లు పడిందంటే మా చేలల్లో విత్తేవాళ్ల కంటే నేల చూసుకుంటూ నడిచేవాళ్లే ఎక్కువ. గుంతకల్లు నుంచి, బళ్లారి నుంచి, ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలు కట్టుకుని వస్తారు. ఎండకు ఎదురుగా తిరిగి, నడుం వంచి, మెరిసే రాయి కోసం దేవులాడతారు. పదిమందిలో తొమ్మిదిమందికి నడుంనొప్పి దొరుకుతుంది, పదోవాడికి గాజుపెంకు. ఏ రెండేళ్లకో ఎవడో ఒకడికి నిజం రాయే దొరుకుతుంది కాబట్టి ఈ జబ్బు నయం కాదు.

జబ్బుకొక కట్టుబాటు కూడా ఉంది. రాయి దొరికినవాడు ఎవరికీ చెప్పడు. చెబితే చేను గలవాడు వాటా అడుగుతాడు, దళారి ధర తొక్కేస్తాడు, సర్కారుకు తెలిస్తే అసలుకే మోసం. అందుకని దొరికిన మరుక్షణం కట్టుబట్టలతో మాయమవుతాడు, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా. నెలకో రెండు నెలలకో దుడ్లతో తిరిగొస్తాడు. అంతవరకు ఇంటివాళ్లు ఏమీ ఎరగనట్టు ఉండాలి. అడిగితే "మేనత్త ఇంటికి పోయినాడు" అనాలి. తిండి వేళకు అతని కంచం కూడా పెట్టాలి, పక్కింటివాళ్లు తొంగిచూస్తే మనిషి ఇంట్లో ఉన్నట్టే ఉండాలి కదా. ఏడవకూడదు, వెతకకూడదు. వాన కాలంలో మాయమైన మనిషిని వెతకడమంటే అదృష్టాన్ని చీపురుతో కొట్టడమేనని మా పెద్దల ఉవాచ.

నేను చెప్పబోయేది కదిరమ్మ గురించి. నలభై మూడేళ్ల మనిషి, మా ఊరి ఉపాధి హామీ పనుల్లో మేటు. పొద్దున్నే కూలీల హాజరు వేసి, పని పంచి, సాయంత్రం తవ్విన గుంత కొలిచి రాసుకునే ఉద్యోగం. మెడలో కొలత టేపు, చంకలో హాజరు పుస్తకం, నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఒక మాట. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు ఊర్లో ఇద్దరున్నారు. ఇద్దరూ చెవిటివాళ్లు.

ఈమె పద్దెనిమిదేళ్లు ఒక కేసు దర్యాప్తు చేసింది. పోలీసు కాదు, వకీలు కాదు, చదువు ఏడో తరగతి. పోలీసులు అడుగు మన్ను తవ్వని కేసులో ఈమె నలభై ఒక్క గుంతలు తవ్వించింది, అదీ సర్కారు కూలి మీద. ఇందులో నా పాపం కూడా ఉంది. అది ఎక్కడ వస్తుందో అక్కడే చెబుతాను, దాటేయను.

1995 జూన్. ముందురోజు సాయంత్రం మంచి వాన పడింది. కదిరమ్మ అక్క పుష్పావతికి అప్పుడు పందొమ్మిదేళ్లు. తెలతెలవారుతుండగా లేచి, ఆకుపచ్చ నైలాన్ ఓణీ నడుముకు దోపుకుని రాళ్లు ఏరడానికి పోయింది. పోతూ పోతూ గూట్లో ఉన్న చెల్లెలి జడ క్లిప్పులు రెండు పట్టుకుపోయింది. పసుపు రంగువి, సీతాకోకచిలుకల్లాంటివి, ఉరుసులో కొన్నవి. ఆ పొద్దు బడికి వేసుకుపోయేందుకు క్లిప్పులు కనపడక పదమూడేళ్ల కదిరమ్మ ఏడ్చిన ఏడుపు వాడంతా విన్నారు. "వజ్రం సంగతి దేవునికెరుక. నా క్లిప్పులు మాత్రం ఎత్తుకపోయింది" అని ఆమె ముప్పై ఏళ్లూ అంటూనే ఉంది.

పొద్దు గూకింది, పుష్పావతి రాలేదు. ఇంకో ఊర్లో అయితే తండ్రి లాంతరు పట్టుకుని చేలమీద పడేవాడు. మా ఊర్లో తండ్రి ఆంజినప్ప తలుపు దగ్గరికేసి, భార్య సుంకమ్మ పక్కన గొంతుక్కూర్చుని నవ్వాడు.

"ఏడవద్దే. పాపకు రాయి దొరికినట్టుండాది. నోరు మూసుకోని తట్ట పెట్టు."

సుంకమ్మ తట్ట పెట్టింది. మా వైపు కంచాన్ని తట్ట అంటాం. అందులో ఒక సంగటి ముద్ద, పక్కన ఊరుబిండి పచ్చడి. అందరూ తిన్నాక ఆ ముద్ద కదిరమ్మకు పెట్టేవాళ్లు. ఆంజినప్ప అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "పాప కణేకల్లులో మేనత్త ఇంటికి పోయింది" అని చెప్పుకుంటూ తిరిగాడు. బీడీలు మానేసి సిగరెట్లు పట్టాడు. అది చూసి ఊరికి విషయం అర్థమైపోయింది, ఊరు కూడా మర్యాదగా అర్థం కానట్టే ఉంది.

ఇరవై రెండు రోజులు అలా గడిచాయి. ఇరవై మూడో రోజు మేనత్తే కణేకల్లు నుంచి బస్సు దిగి, "పుష్ప యాడ? కనపడదే?" అని అడిగింది. అప్పుడు ఆంజినప్ప పోలీసు స్టేషన్‌కు పోయాడు.

"ఇన్ని దినాలు ఏం చేస్తాంటివప్పా?" అన్నాడు రైటరు.

"రాయి దొరికి పోయిందనుకుంటి సామీ."

రైటరు ఆ మాటే రాసుకున్నాడు. యువతి వజ్రం దొరికి వెళ్లిపోయినట్లు తండ్రి వాంగ్మూలం. వేలిముద్ర పడింది. తండ్రే చెప్పాక పోలీసులు వెతకడమెందుకు? వెతకలేదు.

ఇక నా పాపం. నా పేరు వెంకటేశులు. అప్పటికి ఇరవై ఆరేళ్లు, ఒక దినపత్రికకు కొత్తగా చేరిన గ్రామీణ విలేఖరిని. స్టేషన్ బయట టీ తాగుతూ ఈ ముక్క విన్నాను. ఆ ఇంటికి పోలేదు, ఆ తల్లిని అడగలేదు, తొమ్మిది లైన్లు రాసి బస్సులో పంపించాను. "వజ్రంతో యువతి పరారీ" అని జిల్లా పేజీలో బాక్సు కట్టి వేశారు. నా మొదటి బాక్సు వార్త అది. పేపరు పట్టుకుని మూడు హోటళ్లలో టీ తాగాను. ఒక పిల్ల ఎక్కడ పడి ఉందో అనే ఆలోచన నాకు ఒక్క గుటకలోనూ రాలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు, అదే అసలు సిగ్గు.

అచ్చులో వచ్చాక అది నిజమైపోయింది. దళారులు జీపుల్లో ఆంజినప్ప ఇంటికి వచ్చారు. ఎవరో రాత్రికి రాత్రి వాళ్ల పొయ్యిగడ్డ తవ్విపోయారు. పుష్పావతిని బళ్లారిలో కారులో చూశామని ఒకరు, బొంబాయిలో మేడ మీద చూశామని ఒకరు, పుట్టపర్తిలో తెల్లచీర కట్టుకుని విదేశీయుల పక్కన కూర్చుని ఉందని ఒకరు. చెప్పినవాళ్లెవరూ బళ్లారి దాటి పోయినవాళ్లు కాదు. ఆంజినప్ప మాత్రం అన్నిచోట్లకూ పోయాడు. ఆ తిరుగుళ్లలోనే దగ్గు పట్టుకుని చనిపోయాడు. కదిరమ్మకు సంబంధాలు వస్తే పిల్లను చూడకముందే "అక్క దగ్గర్నించి ఏమన్నా కబురుందా?" అని అడిగేవాళ్లు. చివరికి ఓబులేష్ అనే గొర్రెల కాపరిని చేసుకుంది. "రాయి గురించి అడగనోడు వాడొక్కడే" అని కారణం చెబుతుంది.

సుంకమ్మ మాత్రం తట్ట పెట్టడం మానలేదు. మొగుడు ఇరవై రెండు రోజులు ఆడమన్న నాటకాన్ని ఆమె ముప్పై ఏళ్లు ఆడింది. అది నాటకమని ఆమెకు ఎప్పుడు మరుపొచ్చిందో ఎవరికీ తెలీదు. ఊరివాళ్లు వెనక నవ్వేవాళ్లు, కూతురు కోట్లలో పొర్లుతాంటే తల్లి కూలికి పోతాంది చూడు అని. కదిరమ్మ ప్రతిరోజూ ఆ తట్టలోని ముద్ద తిని ఇంతైంది. అమ్మ బతికుండగానే ఆ తట్ట ఎత్తించాలి, అక్క మీద పడిన దొంగ పేరు కడగాలి. ఆమె బతుకులో పట్టుదలంతా ఈ రెండింటి కోసమే.

అయితే ఆమె ఏం ఆలోచించింది? నాలాంటి చదువుకున్నవాళ్లకు ముప్పై ఏళ్లు తట్టనిది, ఆమెకు ఎనిమిదో తరగతి మానేసిన ఏడాదే తట్టింది. మా అక్కకు రాయి దొరికి ఉంటే నాకు చెప్పకుండా ఉండదు, క్లిప్పులు తిరిగివ్వకుండా అసలే ఉండదు. కాబట్టి పోలేదు. పోకపోతే ఇక్కడే ఉంది. ఇక్కడ పైన కనపడలేదు కాబట్టి కింద ఉంది. ఇంతే లెక్క.

కింద అంటే ఎక్కడ? అది చెప్పాలంటే ఊరి ఇంకో గుట్టు చెప్పాలి. పుష్పావతి మాయమైన ఏడాది కాస్త భూమి ఉన్న ప్రతివాడూ తన చేనులో దొంగగుంత తవ్వించాడు. ఏరుకుంటే వచ్చే రాళ్లు చాలక, పాతాళంలోంచే తీసేద్దామని ఆశ. గనుల శాఖవాళ్లు చూడకుండా పైన కంప కప్పేవాళ్లు. తనిఖీ వస్తోందని వినపడితే రాత్రికి రాత్రి ట్రాక్టర్లతో పూడ్చేసి, పైన వేరుశనగ, మా మాటలో బుడ్డలు, విత్తేసేవాళ్లు. అడిగితే గుంతా? ఏ గుంత? మా చేనులో గుంత లేదే! లేని గుంతలో పుష్పావతి ఎలా పడుతుంది? కనుక పడలేదు. ఊరంతా కలిసి ఒక పిల్లను బొంబాయి పంపించడానికి సరిపోయిన తర్కం ఇది.

2006లో మా జిల్లాకు ఉపాధి హామీ పని వచ్చింది. చేలల్లో వాననీళ్లు నిలవడానికి కుంటలు తవ్వాలన్నారు. ఫారం పాండు అంటారు దాన్ని. ఊరు కూలి కోసం చూసింది. కదిరమ్మ మాత్రం పార కోసం చూసింది. రెండేళ్లు గంప మోసి, కొలతలు నేర్చుకుని, అధికారుల చుట్టూ తిరిగి మేటు అయింది. అప్పట్నుంచి ఎవరి చేనులో కుంట ఎక్కడ తవ్వాలో చూపించేది ఆమే.

ముట్టని నేల అరలు అరలుగా ఉంటుంది. పైన ఎర్రమన్ను, దాని కింద గరుసు, ఆ కింద సుద్ద. ఒకసారి తవ్వి పూడ్చిన నేల మాత్రం అన్నీ కలిసి కలగూరగంపగా ఉంటుంది, గడ్డపార వేస్తే సర్రున దిగుతుంది. కదిరమ్మ ప్రతి చేనులోనూ గడ్డపారతో పొడిచి పొడిచి, మెత్తగా దిగినచోటే ముగ్గు పోసేది. కూలీలకు పండగ. అదే కూలికి సగం కష్టం. "కదిరమ్మ గుంత మెత్తన" అని ఆమె గుంపులో చేరడానికి కొట్టుకునేవాళ్లు. చేను గలవాళ్లు గొణిగేవాళ్లు కానీ, ఇక్కడెందుకు మెత్తగా ఉందని అడిగితే దొంగగుంత సంగతి తామే ఒప్పుకోవాలి కదా. నోరు మూసుకుని కుంట తవ్వించుకున్నారు.

అలా నలభై ఒకటి. పగిలిన కుండలు, తుప్పు పట్టిన సైకిల్ రిమ్ము, ఎవరో దాచి మరిచిన సారాయి సీసాలు దొరికాయి. ఒకసారి ఎముకలు దొరికాయి. కదిరమ్మ గుంత గట్టున కూలబడిపోయింది. పశువుల డాక్టరును పిలిపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఆవుది. నాలుగీతలు ఈని ఉంటుంది" అని తేల్చాడు. ఆ రోజు ఆమె హాజరు పుస్తకంలో తన పేరు పక్కన తానే సున్నా వేసుకుంది.

ఇందులో ఇంకో వేడుక ఉంది. పూడ్చిన మన్నులో నీళ్లు నిలవవు. జల్లెడలో పోసినట్టే దిగిపోతాయి. నలభై ఒక్క కుంటల్లో ఒక్కదానిలోనూ కాకి గొంతు తడిపేన్ని నీళ్లు నిలవలేదు. కానీ పైనున్నవాళ్లు కుంటలు లెక్కపెడతారు, నీళ్లు కాదు. మండలంలో ఎక్కువ కుంటలు తవ్వించిన మేటుగా ఆమెకు సన్మానం చేశారు. శాలువా కప్పి, పటం చేతికిచ్చి, ఒక పెద్దసారు "నీటి కోసం ఈ తల్లి పడిన తపన" అని పది నిమిషాలు మాట్లాడాడు. "నీళ్ల కోసం కాదు సార్, మా అక్క కోసం" అంది కదిరమ్మ. మైకు అప్పటికే పక్కకు జరిగిపోయింది. వార్త నేనే రాశాను, తపన అనే రాశాను.

నలభై ఒకటి అయ్యాక ఊర్లో మిగిలింది ఒక్కటే. చౌడుచేను. అది దివాకర్‌ది. నలభై అయిదేళ్ల వయసు, ముప్పై ఎకరాల మెట్ట, రాజకీయాల్లో ఒక కాలు, ఎరువుల అంగట్లో ఒక కాలు. అతని తండ్రి, ఊరంతా పెద్దాయన అనేవాళ్లు, పోయి పదేళ్లయింది. చౌడుచేను మధ్యలో ఒక గది వెడల్పున నేల ప్రతి వానకూ కొంచెం కుంగుతుంది. దివాకర్ ప్రతి ఏడాదీ ట్రాక్టరుతో మన్ను తోలి చదును చేయిస్తాడు. ఇది కదిరమ్మ గట్టు మీద నిలబడి పదేళ్లుగా చూస్తోంది.

కుంట తవ్వుకోమని ఎన్నిసార్లు అడిగినా అతను ఒప్పుకోలేదు. ఆమె పోలీస్ స్టేషన్‌కు పోయింది. అక్కడ కొత్తగా వచ్చిన ఎస్సై కృపాకుమారి. పుష్పావతి మాయమైన ఏడాదికి ఆమె ఇంకా పుట్టలేదు. మంచి మనిషే, పాత బీరువాలన్నీ తీయించి వెతికించింది. ఫైలు లేదు.

"కనపడడం లేదమ్మా. చెదలు తినేసి ఉండొచ్చు."

"అట్లయితే ఫైలు పోయిందని ఒక కేసు రాసుకోండి మేడమ్. అదీ బొంబాయి పోయిందేమో" అంది కదిరమ్మ.

ఎస్సై నవ్వు ఆపుకుని, ఆధారం ఏమీ లేకుండా ఒకరి పొలం తవ్వించలేననీ, ఏదైనా దొరికితే ఏ వేళలోనైనా ఫోన్ చేయమనీ నంబరు రాసిచ్చింది.

కిందటి మే నెలలో కదిరమ్మ నా దగ్గరకొచ్చింది. "వెంకటేశులన్నా, ఒక సంతకం పెట్టాల రా" అని దివాకర్ ఇంటికి తీసుకుపోయింది. దివాకర్ వరండాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అతని భార్య పద్మప్రియ మజ్జిగ తెచ్చిచ్చి లోపలికి పోయింది.

"ఏమ్మే కదిరమ్మా, మళ్లీ కుంటేనా? పోమ్మే, పని చూసుకో."

కదిరమ్మ కింద కూర్చుంది. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అనని మాట అంది.

"కుంట కాదు దివాకరన్నా. ఇన్నేండ్లు దాచినా. ఇంగ దాయలేను. మా అక్కకు నిజంగానే రాయి దొరికింది. ముందుదినం మాపున నాకు చూపించింది. చింతగింజంత ఉండె. ఓణీ కొంగున ముడేసుకునింది. పొద్దున్నే చౌడుచేను దిక్కే పోయింది. నాకు తెలిసి ఆ చేను దాటి పోలేదు."

దివాకర్ ఫోన్ కింద పెట్టాడు. అతని మొహంలో ఏం జరిగిందో నేను దగ్గర్నుంచి చూశాను. అతను గొంతు తగ్గించి, "మా నాయన పోతాపోతా చెప్పినాడు, ఆడ మాత్రం తవ్వొద్దురా అని" అన్నాడు. "నాకోసం అట్లే పెట్టినాడనుకుంటిని."

తండ్రి చెప్పింది చావు గురించి. కొడుకు విన్నది ఆస్తి గురించి. పదేళ్లు ఆ చేనును కాపలా కాశాడు, కింద వజ్రాల గని ఉందనుకుని.

తర్వాత బేరం మొదలైంది. దొరకని రాయిలో ఎవరికెంత అని అరపూట వాదించుకున్నారు. చేను నాది కాబట్టి ముప్పావు నాకు అన్నాడు దివాకర్. అక్క మాది కాబట్టి సగం అంది కదిరమ్మ. స్టాంపు కాగితం మీద "చౌడుచేనులో దొరకబోవు రాయి" అని రాయించి, ఇద్దరూ సంతకాలు చేసి, సాక్షిగా నా చేత కూడా చేయించారు. చింతగింజంత! ముప్పై ఏళ్ల కిందట నేను రాసిన వార్త నిజమేనన్నమాట, నేను తప్పు రాయలేదన్నమాట. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇదీ. బయటికొచ్చాక కదిరమ్మ నా మొహం చూసి ఆగింది.

"నువ్వూ నమ్మితివా అన్నా?"

అడిగి, నా జవాబు కోసం ఆగకుండా ముందుకు నడిచిపోయింది.

రెండో రోజు పొద్దున్నే చౌడుచేనులోకి జేసీబీ దిగింది. గుట్టుగా చేద్దామన్నాడు దివాకర్. ఏడు గంటలకల్లా రెండొందలమంది గట్టు మీద ఉన్నారు, సగంమంది చేతిలో జల్లెడలు. పదడుగుల దాకా కలిసిపోయిన మన్నే వచ్చింది. కదిరమ్మ ఆ మన్ను వంకే చూస్తోంది. పన్నెండడుగుల్లో కుళ్లిన కంప వచ్చింది, గుంత మీద కప్పిన కంప. పదిహేడు అడుగుల లోతున ఎండ నడినెత్తికొచ్చే వేళకు జేసీబీ తొట్టిలో ఒక ఆకుపచ్చ గుడ్డ వేలాడుతూ పైకొచ్చింది. దాంతోపాటే ఒక పొడుగాటి ఎముక.

అప్పుడు మా ఊరు ఏం చేసిందో వినండి. రెండొందలమందీ ఆ మన్ను కుప్ప మీద పడ్డారు. గంపలు, జల్లెడలు, ఉత్త చేతులు. చేతికి ఎముక తగిలితే పక్కకు విసిరి మన్ను జల్లించారు. దివాకర్ చెప్పులు లేకుండా మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతున్నాడు. వాళ్లు విసిరిన వాటిని కదిరమ్మ ఒక్కతే వంగి వంగి ఏరుకుంది. జీవితమంతా వంగి రాళ్లు ఏరే ఊర్లో మనిషిని ఏరుకున్నది ఆమె ఒక్కతే. ఒక్కొక్కటి కొంగుతో తుడిచి గంపలో పెట్టింది. అప్పుడు ఆమె ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది, ఎవరూ తలెత్తలేదు. నేను ఎస్సైకి ఫోన్ చేశాను. చేశాను గానీ నా కళ్లు ఆ ఆకుపచ్చ గుడ్డ మీదే ఉన్నాయి, దాని కొసన ఉన్న ముడి మీద.

నైలాన్ చీకిపోదు. ముడి గట్టిగా, గుప్పెడంత, అలాగే ఉంది. లోపల ఏదో ఉంది.

దివాకర్ కూడా చూశాడు. "ఇటియ్యి" అని చేయి పెట్టాడు. కదిరమ్మ ఓణీని ఒళ్లో పెట్టుకుని చతికిలపడి కూర్చుంది.

"మేడమ్ వస్తేనే విప్పేది. చెయ్యి తియ్ దివాకరన్నా."

కృపాకుమారి గంటలో వచ్చింది. వస్తూనే అందరినీ గట్టు అవతలికి తరిమించింది. నలుగురు సాక్షుల్ని నిలబెట్టి పంచనామా మొదలుపెట్టింది. దివాకర్, ఇంకా ఎవరూ ఏమీ అడక్కముందే, "మా నాయనకు ఏమీ తెల్దు మేడమ్" అన్నాడు. పూడ్చేముందు కప్పిన కంప ఒకచోట కుంగి ఉంటే ఎవరైనా లోపలికి తొంగిచూస్తారు. పెద్దాయన చూశాడు. చూసే పూడ్పించాడు. పిల్లను తీయిస్తే గుంత బయటపడుతుంది కదా. తీయించి ఉంటే ఆమె ఆ పూటకు బతికే ఉందో లేదో తెలిసేది. ఈ మాట ఎస్సై రాసుకోలేదు, రుజువు లేదు గనుక. నేను రాస్తున్నాను.

ముడిని కత్తెరతో కోశారు. గట్టు అవతల రెండొందలమంది మునివేళ్ల మీద లేచారు. కానిస్టేబులు గుడ్డ విప్పి, అందులోది అరచేతిలో వేసుకుని చూపించాడు. రెండు పసుపుపచ్చ ప్లాస్టిక్ క్లిప్పులు. సీతాకోకచిలుకల్లాంటివి. ఒకదానికి రెక్క విరిగింది.

"అంతేనా?" అన్నాడు దివాకర్.

"అవి నావి" అంది కదిరమ్మ.

ఆ తర్వాత ఎముకలు పుష్పావతివేనని తేల్చే డీఎన్ఏ పరీక్షకు నాలుగు నెలలు పట్టింది. కదిరమ్మకు మాత్రం పరీక్ష ఆ మధ్యాహ్నమే అయిపోయింది. అనుమానాస్పద మరణం అని కేసు రాసి, బాధ్యుడు మరణించాడు గనుక మూసేశారు. కొత్త ఫైలు ఎస్సై ఇనుప బీరువాలో పెట్టించింది. మా పత్రికలో మర్నాడే వార్త వచ్చింది. నేను పుష్పావతి గురించే రాశాను. డెస్కులో శీర్షిక మార్చారు, "ముప్పై ఏళ్ల తర్వాత తవ్వినా.. దొరకని వజ్రం" అని. పుష్పావతి పేరు ఆరో లైన్లో ఉంది.

అక్టోబరులో ఎముకలు తెల్లగుడ్డ చుట్టిన పెట్టెలో ఇంటికి వచ్చాయి. సుంకమ్మకు చూపు సరిగా ఆనదు. పెట్టె మీద చేయి వేసి తడిమింది. రోజూలాగే తట్టలో సంగటి ముద్ద పెట్టి, పెట్టె ముందుకు జరిపింది. అందరం బయట నిలబడ్డాం. కాసేపటికి తానే లేచి, తట్ట కడిగి, మిగతా తట్టల మీద బోర్లించింది.

"ఇంగ చాల్లే. పాప వచ్చేసింది" అంది.

మట్టి చేసి వచ్చిన మూడోరోజు కదిరమ్మ నా దగ్గరకు వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నా తొమ్మిది లైన్ల పాత బాక్సు, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"దీన్ని ముప్పైయేండ్లు మోసినాం అన్నా. ఇప్పుడు మళ్లీ తొమ్మిది లైన్లు రాయి. అంతే పొడుగు, అంతే బాక్సు."

డెస్కుకు ఫోన్ చేశాను. పాత వార్తకు సవరణలు వేయం, కావాలంటే శ్రద్ధాంజలి ప్రకటన ఇప్పించమన్నారు. అందుకే ఇక్కడ ఇంత రాశాను. కానీ ఆమె అడిగింది ఇదంతా కాదు, తొమ్మిది లైన్లే. అవి ఆమే చెప్పింది. నేను ఒక్క అక్షరం మార్చలేదు.

"ఆంజినప్ప పెద్దకూతురు పుష్పావతి యాడికీ పోలేదు. ఆమెకు రాయి దొరకలేదు. చౌడుచేనులో పెద్దాయన దొంగగా తవ్విన గుంతలో పడింది. ఆయప్ప పూడ్చినాడు. మేము వెతకల్యా. ముప్పైయేండ్లు ఆమె మీద విత్తి, ఆమె మీదనే బుడ్డలు పీకినాం."

"ఇది ఆరు లైన్లే అయింది కదమ్మా" అన్నాను.

ఆమె తల మీద చేయి పెట్టుకుని చూపించింది. నెరిసిన జుట్టులో, కేసు మూసేశాక స్టేషన్ నుంచి వచ్చిన ఆ రెండు పసుపు క్లిప్పులున్నాయి.

"ఎత్తుకపోయింది ఇవే అని మిగిలిన లైన్లలో రాయి. ఇవీ తిరిగిచ్చేసిందని రాయి."